ఇంటికి కావాల్సింది షో క్వాలిటీ కుక్కేనా?

"అన్నా, షో క్వాలిటీ ల్యాబ్ అంట, డబుల్ బోన్ అంట, పేపర్లు కూడా ఉన్నాయంట, తీసుకోవచ్చా?" కుక్కల గురించి నాకు కాస్త తెలుసని నమ్మే స్నేహితుల నుంచి ఇలాంటి మెసేజీలు వస్తూనే ఉంటాయి. షో క్వాలిటీ అంటే కుక్కల పోటీలకు పనికొచ్చేదని, డబుల్ బోన్ అంటే ఎముక లావుదని అమ్మేవాళ్ళ మాట, పేపర్లంటే వంశపత్రం. కింద ఒక ఫొటో ఉంటుంది. బొద్దుగా, లావుపాటి కాళ్ళతో, తల్లి దగ్గర నుంచి అప్పుడే లాగేసినట్టున్న పిల్ల. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పగలంతా దాని దగ్గర ఎవరుంటారు, రోజూ బయటికి తిప్పేదెవరు అనే సంగతులు మాత్రం ఆ మెసేజీలో ఉండవు.

షో క్వాలిటీ అంటే పెట్ క్వాలిటీకి, అంటే ఇంట్లో పెంచుకోవడానికి ఇచ్చేదానికి, పైమెట్టు అని మనవాళ్ళు గట్టిగా నమ్ముతున్నారు. అమ్మేవాళ్ళకు ఆ నమ్మకం వల్ల లాభం కాబట్టి ఎవరూ సరిదిద్దరు. నేను ఇంత పొడుగ్గా రాస్తున్నది అందుకే. అవి ఒకే నిచ్చెన మీద రెండు మెట్లు కావు, రెండు వేర్వేరు పనులు. ఒక పనికి ఎంచిన కుక్క రెండో పనికి బాగుండొచ్చు, బాగుండకపోవచ్చు, కానీ మొదటిది రెండోదానికి గ్యారంటీ కాదు.

మన దగ్గర ఈ తేడా తెలియనిదేమీ కాదు. ప్రకాశం, గుంటూరు, పల్నాడు వైపు తిరునాళ్ళకు ఒంగోలు జాతి పశువులకు అందాల పోటీలు జరుగుతాయి, బండలాగుడు పోటీలూ జరుగుతాయి. బండలాగుడులో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు కట్టి మరీ ఆడిస్తారు. మూపురం, గంగడోలు, కొమ్ములు చూసి బహుమతి ఇచ్చిన గిత్తను కొని, ఇదే రేపు నా చేను దున్నుతుందిలే అని ఏ రైతూ అనుకోడు. దాన్ని కాడికి కట్టి, నాలుగడుగులు నడిపించి, మాట వింటుందో లేదో చూస్తాడు. పశువుల విషయంలో ఇంత తెలివిగా ఉండే మనం కుక్క దగ్గరికి వచ్చేసరికి ఫొటో చూసి అడ్వాన్స్ కొట్టేస్తున్నాం.

షో రింగులో జరిగేది ఏమిటో చెబుతాను. ప్రతి జాతికీ బ్రీడ్ స్టాండర్డ్ అని ఒక రాతపూర్వకమైన వర్ణన ఉంటుంది. తల ఎంత వెడల్పుండాలి, మూతి ఎంత పొడవుండాలి, భుజం ఏ కోణంలో కలవాలి, తోక ఎక్కడ మొదలవ్వాలి, పళ్ళు ఎలా కలవాలి, నడక ఎలా సాగాలి, అన్నీ అందులో ఉంటాయి. జడ్జి తన ముందున్న కుక్కను ఆ వర్ణనతో పోల్చి చూస్తాడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, ఒళ్ళంతా తడుముతాడు, మగకుక్క అయితే రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో చూస్తాడు, ఒకసారి గుండ్రంగా, ఒకసారి తిన్నగా పరిగెత్తించి నడక చూస్తాడు. స్వభావం గురించి కూడా స్టాండర్డులో రాసే ఉంటుంది. కానీ ఆ రెండు మూడు నిమిషాల్లో జడ్జికి తెలిసేది ఈ కుక్క కొత్త మనిషి చేతిని ఓర్చుకుంటుందా లేదా అన్నంత వరకే. ఇంట్లో ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళిపోతే ఎనిమిది గంటలు ఒంటరిగా ఉండగలదా, మూడేళ్ళ పిల్లాడు అన్నం తినేటప్పుడు వచ్చి చెవి లాగితే ఏం చేస్తుంది, దీపావళి రాత్రి ఎలా ఉంటుంది, లిఫ్టులో ఇంకో కుక్క ఎదురైతే ఎలా ఉంటుంది, ఇవి ఆ రింగులో తేలే విషయాలు కావు, తేల్చడానికి పెట్టిన పోటీ కూడా కాదు అది.

మొదట్లో కుక్కల పోటీలకూ పనికీ ఇంత దూరం లేదు. 1859లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జరిగిన పోటీని మొదటి వ్యవస్థీకృత డాగ్ షో అంటారు. దానికి పాయింటర్లు, సెట్టర్లు మాత్రమే వచ్చాయి, రెండూ వేటకుక్కలే, గెలిచినవాళ్ళకు ఇచ్చిన బహుమతి తుపాకులు. అంటే వేటగాళ్ళు వేటకుక్కల్ని చూసుకోవడానికి పెట్టుకున్న వేడుక అది. 1873లో లండన్‌లో జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ పుట్టింది. 1891లో కుక్క బిస్కెట్ల కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ తన పేరు మీద క్రఫ్ట్స్ షో మొదలుపెట్టాడు. ఆ తర్వాత్తర్వాత రింగు కోసమే కుక్కల్ని పుట్టించడం ఒక లోకమైపోయింది. పొలంలోకి ఎప్పుడూ దిగని గొర్రెల కుక్కలు, నీళ్ళలోంచి ఒక్క పిట్టనూ తేని రిట్రీవర్లు తరాల తరాలుగా పుడుతున్నాయి. వాటిని తప్పుబట్టడం లేదు. ఒకే పేరు కింద రెండు రకాల కుక్కలు తయారయ్యాయని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు పెట్ క్వాలిటీ అనే మాటకు వద్దాం. బాధ్యతగా పెంచే బ్రీడర్ దగ్గర ఒక ఈతలో ఏడెనిమిది పిల్లలు పుడితే, వాటిలో రింగుకు పనికొచ్చేవి ఒకటో రెండో ఉంటాయి. మిగతావి పెట్ క్వాలిటీ. ఎందుకట? ల్యాబ్ పిల్ల అయితే ఛాతీ మీద తెల్ల మచ్చ కాస్త పెద్దదయింది. ఒక పన్ను తక్కువుంది. తోక అనుకున్నదానికంటే పైకి లేస్తోంది. పై దవడ కింది దవడా కలిసే తీరులో వెంట్రుకవాసి తేడా ఉంది. ఒక వృషణం కిందికి దిగలేదు, దీనికి మాత్రం పెద్దయ్యాక ఆపరేషన్ చేయించాలి, లేకపోతే లోపల ఉండిపోయినది గడ్డగా మారే ప్రమాదం ఉంది. మిగతావాటిలో ఏ ఒక్కటీ మీ ఇంట్లో ఆ కుక్క జీవితాన్ని అంగుళం కూడా మార్చదు. అదే తల్లి, అదే తండ్రి, అదే తిండి, అదే పెంపకం. నన్ను అడిగితే మంచి బ్రీడర్ దగ్గర దొరికే పెట్ క్వాలిటీ పిల్ల కంటే ఇంటికి మంచి బేరం ఇంకోటి లేదు, కానీ ఆ పేరు వినగానే సెకండ్ హ్యాండ్ సరుకులా ముఖం చిట్లించేవాళ్ళే ఎక్కువ.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. మన మార్కెట్లో షో క్వాలిటీ అని అరిచేవాళ్ళు చెప్పే గుణాలు చాలావరకు రింగు గుణాలు కూడా కాదు. డబుల్ బోన్ అనే మాట ఏ ల్యాబ్రడార్ స్టాండర్డులోనూ లేదు. లాంగ్ కోట్ జర్మన్ షెపర్డ్‌కు మన దగ్గర రేటెక్కువ చెబుతారు, అమెరికన్ కెన్నెల్ క్లబ్ స్టాండర్డులో ఆ పొడవాటి బొచ్చు ఒక లోపం. తెల్ల జర్మన్ షెపర్డ్ అయితే అక్కడ రింగులోంచి బయటికే. రేర్ కలర్ పేరుతో అమ్మే బ్లూ ఫ్రెంచ్ బుల్‌డాగ్ పరిస్థితీ అదే. మెర్ల్ రంగు అంటే బూడిదరంగు మీద మచ్చలు చల్లినట్టుండే ఒళ్ళు, దాని కోసం మెర్ల్ ఉన్న రెండింటినీ జతకడితే పుట్టే పిల్లల్లో చెవుడు, గుడ్డితనం వచ్చేవి ఉంటాయి. అంటే రింగు ఒకటి కోరుతోంది, ప్రకటన ఇంకోటి అమ్ముతోంది, ఇంటికి కావాల్సింది మూడోది. డబ్బు మాత్రం రెండోదానికి కడుతున్నాం.

ల్యాబ్రడార్ దగ్గర కాస్త ఆగుతాను, మన ఊళ్ళలో అందరూ కోరేది అదే కాబట్టి. వేటపనికి పెంచే ల్యాబ్ సన్నగా, కాళ్ళు పొడుగ్గా, తల కాస్త కోసుగా ఉంటుంది. షో ల్యాబ్ ఛాతీ వెడల్పుగా, తల బండగా, పొట్టిగా బలంగా ఉంటుంది. మొదటిదానికి రోజంతా పరిగెత్తినా తనివి తీరదు, రెండోది సాధారణంగా కాస్త నెమ్మది. ఈ లెక్కన అపార్టుమెంటులో ఉండే కుటుంబానికి షో లైన్ ల్యాబ్ నప్పే అవకాశమే ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బలంగా ఉండటం వేరు, లావుగా ఉండటం వేరు. మనవాళ్ళు హెవీ బోన్ అని మురిసిపోయే కుక్కల్లో చాలావాటికి పక్కటెముకలు చేత్తో వెతికినా దొరకవు. ల్యాబ్‌కు తిండి యావ ఎక్కువ, దానికి కారణం కూడా తెలుసు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించడం వల్ల ఆకలి తీరని ల్యాబ్‌లు నాలుగింట ఒకటి దాకా ఉన్నాయని చూపించారు. వికలాంగులకు సాయం చేయడానికి ఎంచిన ల్యాబ్‌లలో అయితే అది నాలుగింట మూడింటిలో కనిపించింది, తిండి ఆశ చూపి నేర్పడం సులువు కాబట్టి కావచ్చు. ఇంకో పరిశోధన 2002లో వచ్చింది. 48 ల్యాబ్‌లను పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చనిపోయేదాకా చూశారు, ఒకే ఈతలోని వాటిని జంటలుగా విడదీసి, ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్ళు బతికాయి, రెండో గుంపు 11.2 ఏళ్ళు. కీళ్ళ నొప్పులు కూడా సన్నటివాటికి ఆలస్యంగా మొదలయ్యాయి. దాదాపు రెండేళ్ళ తేడా! డబుల్ బోన్ కోసం పెరుగన్నం మీద పెరుగన్నం, దాని మీద గుడ్లు కుక్కే ప్రతి ఇంట్లోనూ ఈ అంకె గోడకు అంటించాలని నాకుంటుంది.

జర్మన్ షెపర్డ్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. మన పెద్దవాళ్ళు అల్సేషన్ అనే పిలుస్తారు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ అనే మాట గిట్టక బ్రిటన్‌లో పెట్టిన పేరు అది, అక్కడ 1977లో గాని పాత పేరు తిరిగి రాలేదు. ఈ జాతిని ఒక రూపానికి తెచ్చినవాడు మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే అశ్వికదళ అధికారి. 1899లో ఒక ప్రదర్శనలో గొర్రెలు కాసే కుక్కను చూసి, దాని పనితనానికి ముగ్ధుడై కొనుక్కుని, హొరాండ్ అని పేరు మార్చి, దానితోనే జాతి పుస్తకం మొదలుపెట్టాడు. అతను పట్టుబట్టింది పనికి రావడం గురించి. గొర్రెల మందలు తగ్గిపోతుంటే ఈ కుక్కల్ని పోలీసు పనికి, సైన్యానికి మళ్ళించాడు. జర్మనీ క్లబ్బులో ఇవాళ్టికీ జత కట్టించాలంటే పని పరీక్ష పాసవ్వాలి, తుంటి కీళ్ళ ఎక్స్‌రే కావాలి. అలాంటి జాతి, 2016 క్రఫ్ట్స్‌లో ఎలా కనిపించిందో వీడియో చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జాతిలో ఉత్తమమైనదిగా ఎంపికైన కుక్క, వెన్ను వెనక్కి జారుడుబల్లలా వాలి, వెనక కాళ్ళు స్థిరంగా ఆనక నడిచింది. బ్రిటన్‌లో జనం మండిపడ్డారు. ఆ వాలు ఒక్క రోజులో రాలేదు. కాస్త వాలితే అందం అన్న చూపు, ఇంకాస్త వాలితే ఇంకాస్త అందం అన్న చోటికి తరం తర్వాత తరం జారిపోయింది.

అలాగని వర్కింగ్ లైన్, అంటే పని కోసమే పెంచుతూ వచ్చిన వంశంలోది తెచ్చుకుంటే సమస్య తీరిపోతుందనుకోకండి. ఇప్పుడు బెల్జియన్ మాలినోయిస్ మోజు నడుస్తోంది. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ అకాడమీలో తయారయ్యే కుక్కల్ని టీవీలో చూసి, అలాంటిదే మాకూ కావాలని మూడో అంతస్తు ఫ్లాటులోకి తెచ్చుకుంటున్నారు. అక్కడ దానికి ఒక హ్యాండ్లర్ ఉంటాడు, పొద్దున్నుంచి పని ఉంటుంది, ఆ కుక్క బుర్రకూ ఒంటికీ చేతినిండా మేత ఉంటుంది. మన ఇంట్లో సోఫా ఉంటుంది. ఆ సోఫాను అది ఏం చేస్తుందో, తర్వాత బాల్కనీలో గొలుసుకు కట్టేశాక ఇంకెంత పిచ్చెత్తిపోతుందో, చివరికి ఎవరికో ఒకరికి ఫ్రీగా ఇచ్చేస్తామని ఎలాంటి పోస్టులు పడతాయో నేను చూస్తూనే ఉన్నాను. తప్పు ఆ కుక్కది కాదు. దాన్ని దేనికోసం తీర్చిదిద్దారో అడగకుండా తెచ్చుకున్న మనది.

పగ్ గురించి రాయకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. 2003లో హచ్ ప్రకటన వచ్చాక పిల్లవాడి వెనకాలే నడిచే ఆ చిన్న కుక్క మన ఊళ్ళన్నిటికీ వచ్చేసింది. ముఖం ఎంత చప్పిడిగా ఉంటే అంత క్వాలిటీ అని అమ్మారు, అలాగే కొన్నారు. మూతి ఎముక కురచైనా లోపలి అంగిలి కండ అంతకు తగ్గట్టు తగ్గదు, అది గాలి దారికి అడ్డం పడుతుంది, ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా మూసుకుంటాయి. కుక్క తన ఒంటి వేడిని తగ్గించుకునేది ప్రధానంగా ఒగర్చడం వల్లే. ఆ ఒగర్పుకే దారి లేని కుక్కను మే నెలలో విజయవాడలో పెంచుతున్నాం! అది గురక పెడుతుంటే ముద్దొస్తోందని వీడియో తీస్తాం, అది గాలి కోసం పడే అవస్థ. 2022లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు ఆరోగ్యం విషయంలో పగ్‌ను ఇక మామూలు కుక్కగా లెక్కించలేమనే దాకా వెళ్ళారు. క్రఫ్ట్స్ వాళ్ళు కూడా 2012లో పదిహేను జాతుల విజేతలకు విడిగా పశువైద్యుల పరీక్ష పెడితే ఆరు జాతుల విజేతలు ఫెయిలయ్యాయి, వాటిలో బుల్‌డాగ్, పెకినీస్ ఉన్నాయి. రింగులో జాతికంతటికీ ఉత్తమమని తేలినవి, డాక్టరు ముందు నిలబడలేకపోయాయి.

రింగు వైపు వాదన కూడా వినాలి, నేను విన్నాను. షోలకు వెళ్ళే బ్రీడర్లలో చాలామంది నిజంగా జాతిని ప్రేమించేవాళ్ళు. జత కట్టించే ముందు ఎక్స్‌రేలు తీయించేది, గుండె పరీక్ష చేయించేది, అమ్మిన పిల్లను పోషించలేకపోతే నాకే తిరిగివ్వమని కాగితం రాయించుకునేది మన దగ్గర ఎక్కువగా వాళ్ళే. షెడ్డులో ఎదకొచ్చిన ప్రతిసారీ ఈనిపించి, ఇరవై ఎనిమిదో రోజున పిల్లల్ని బస్సెక్కించేవాడు ఏ షోలోనూ కనిపించడు. కాబట్టి షోలు ఎత్తేయాలనే వాదన నాది కాదు. పైగా తప్పును దిద్దుకునే శక్తి కూడా ఆ వ్యవస్థలోనే ఉందని డాల్మేషియన్ విషయంలో తేలింది. శుద్ధ డాల్మేషియన్లన్నిటికీ యూరిక్ యాసిడ్ ఎక్కువ, దానివల్ల మూత్రంలో రాళ్ళు పడే ప్రమాదం ఉంది. 1973లో రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త ఒక్కసారి పాయింటర్‌తో జత కట్టించి, తర్వాత మళ్ళీ మళ్ళీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చి, చూడటానికి అచ్చం డాల్మేషియన్లే అయినా ఈ జబ్బు లేని కుక్కల్ని సాధించాడు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్ళు రెండింటిని నమోదు చేశారు, వెంటనే శుద్ధత చెడిపోతుందని జాతి క్లబ్బు సభ్యుల నుంచి అభ్యంతరాలొచ్చి ఆపేశారు. 2011లో గాని వాటికి తలుపు తెరుచుకోలేదు. ముప్పై ఏళ్ళు పట్టింది, కానీ తెరుచుకుంది. ఆ ముప్పై ఏళ్ళలో రాళ్ళతో బాధపడిన కుక్కల మాటేమిటని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మరి ఇంటికి కుక్క కావాలంటే ఏం చూడాలి? తల్లిని చూడాలి, ఫొటోలో కాదు, వెళ్ళి చూడాలి. కొత్తవాళ్ళు వస్తే ఆ తల్లి దాక్కుంటుందా, మీదికొస్తుందా, వాసన చూసి తోకాడించి ఊరుకుంటుందా అన్నది ఏ చాంపియన్ సర్టిఫికెట్టూ చెప్పని విషయం. చెన్నై నుంచి వచ్చే కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు, స్వభావం అసలే చెప్పదు. పిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఉండే కాలం చాలా ముఖ్యం. ఆ రోజుల్లో మిక్సీ చప్పుడు, పిల్లల అల్లరి, కొత్త మనుషులు, వేరే కుక్కలు పరిచయమైతే పెద్దయ్యాక వాటికి బెదరడం చాలావరకు తగ్గుతుంది. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. నమోదు నంబరు అడిగి చూడండి, ఎంతమంది ఫోన్ పెట్టేస్తారో తెలుస్తుంది. జాతి పేరు మీద మరీ అంత భరోసా కూడా అక్కర్లేదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధనలో, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. గొర్రెల కుక్కకు చెప్పిన మాట వినే గుణంలాంటివి కాస్త జాతిని బట్టి ఉంటాయి గాని, మిగతాదంతా ఆ ఒక్క కుక్క, దాని పెంపకం. వీధిలో పుట్టిన పిల్లను సరైన వయసులో తెచ్చి శ్రద్ధగా పెంచినవాళ్ళకు ఈ అంకె చూసి ఆశ్చర్యం కలగదు.

నన్ను ఇప్పుడు ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది మన జాతుల సంగతి. 2005లో తపాలా శాఖ రాజపాలయం, ముధోల్, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్ బొమ్మలతో స్టాంపులు వేసింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో స్వదేశీ కుక్కల గురించి చెప్పాక వీటి మీద ఆసక్తి ఇంకా పెరిగింది. సంతోషమే. కానీ ముధోల్ జాగిలం పరిగెత్తడానికి పుట్టింది, దానికి పక్కటెముకలు కనిపించడమే ఆరోగ్యం. డబుల్ బోన్‌కు అలవాటు పడిన మన కళ్ళు దాన్ని కూడా బొద్దుగా చేయమని అడుగుతాయేమో అని నా భయం. రాజపాలయం విషయంలో ఆ తప్పు ముందే జరిగిపోయింది. పాలలాంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు ఉన్నవాటినే కోరి కోరి కలుపుతూ వచ్చారు, ఆ రంగుతో పాటు పుట్టు చెవుడు కూడా జాతిలో పాతుకుపోయింది. ఒక చెవి మాత్రమే వినపడని కుక్క బయటికి మామూలుగానే ఉంటుంది, చప్పట్లు కొట్టి చూస్తే తెలియదు. దానికి బేర్ అనే పరీక్ష ఉంది. తల మీద సన్నటి ఎలక్ట్రోడ్లు పెట్టి, ఒక్కో చెవిలో క్లిక్కుమనే చప్పుడు వినిపించి, మెదడు స్పందించిందో లేదో కొద్ది నిమిషాల్లోనే చెప్పేస్తుంది. రాజపాలయానికి రింగులో చాంపియన్ పట్టా ఇచ్చే ముందు రెండు చెవులకూ ఈ పరీక్ష తప్పనిసరి చేయాలి, ఫలితాన్ని వంశపత్రంలోనే అచ్చు వేయాలి. ముధోల్‌కైతే ఆ పట్టా కావాలంటే మైదానంలో పరిగెత్తి చూపించాలి. మన జాతుల్ని రింగు దాకా తీసుకెళ్ళే పని ఇప్పుడిప్పుడే జోరందుకుంటోంది కాబట్టి, క్లబ్బుల్లో ఉన్నవాళ్ళు ఈ రెండు షరతులూ ఇప్పుడే రాసుకుంటే డాల్మేషియన్‌కు పట్టినంత కాలం మనకు పట్టదు.